పనసచెట్టు మలుపు

మా డిగ్రీ విద్యార్థులకు యేటా ఒక వ్యాసం ఇస్తాను: "మా ఊరు". యేటా ఒకే ఊరు నా బల్లమీదికి వస్తుంది. పచ్చని పొలాలూ, గలగల పారే యేరూ, గుడిగంటలూ. పేరొక్కటే మారుతుంది. కిందటేడు మాత్రం ఉద్దానం కుర్రవాడొకడు నాలుగంటే నాలుగే వాక్యాలు రాసి ఇచ్చేడు. నాలుగోది ఇది: "మా ఊరిని నేనొక ఆటలో కట్టేను, మేష్టారు వస్తే చూపిస్తాను."

సున్నా చుడదామని ఎర్రకలం తీసేను. చెయ్యాడలేదు. సంక్రాంతి సెలవులకు బస్సెక్కి టెక్కలిలో దిగేను.

టెక్కలి అంటే ఇప్పుడు అందరికీ గుర్తొచ్చేది నీలిరాయి. కొండల్లోంచి కోసుకొచ్చిన గ్రానైటు దిమ్మలు లారీలమీద గున్న ఏనుగుల్లా కూర్చుని పోతూంటాయి. దగ్గరలోనే తేలినీలాపురం. చలికాలం ముందే గూడబాతులూ, కొంగలూ వచ్చి, అక్కడి చెట్లమీద గూళ్ళు కట్టి, పిల్లల్ని పెంచుకుని, ఎండలు ముదిరేలోగా వెళ్ళిపోతాయి. నేను వాటికోసం మెడ సారిస్తూంటే, మోటారుసైకిలు మీద వచ్చిన మా శిష్యుడి ధ్యాసంతా రోడ్డుమీదే ఉంది.

"ఈ మలుపు చూసేరా మేష్టారూ? లోపలి అంచు కాస్త దిగి ఉంది. ఇలాంటిది ట్రాక్‌లో పడితే కారు దానంతటదే తిరుగుతుంది" అన్నాడు.

ముప్ఫయ్యేళ్ళుగా ఆ రోడ్డుమీద తిరుగుతున్నాను. మలుపుకి లోపలి అంచొకటి ఉంటుందని ఆనాడే తెలిసింది.

కాశీబుగ్గలో టీకి ఆగేం. పలాస, కాశీబుగ్గ పేరుకి రెండు, మునిసిపాలిటీ ఒకటే. రైలు ప్రయాణీకులకు పలాస అంటే జీడిపప్పు. వీధిలో అడుగుపెడితే పిక్కలు కాల్చిన వాసన ముందు పలకరిస్తుంది. ఆ వాసనలో కూర్చుని కుర్రవాడు ఆట సంగతి విడమరిచి చెప్పేడు.

దాని పేరు రీ-వోల్ట్. 1999లో అక్లెయిమ్ అనే కంపెనీ తెచ్చిన కంప్యూటరు పందెం. పరుగెత్తేవి నిజం కార్లు కావు. పిల్లలు మీట నొక్కి దూరంనించి నడిపే బొమ్మకార్లు. అవి ఇళ్ళ మధ్య వీధిలోనూ, సరుకుల కొట్లోనూ, మ్యూజియంలోనూ, ఓడమీదా పరుగులు తీస్తాయి. కారు జానెడు గనక గడప దానికి గోడ, గడ్డిదుబ్బు అడవి. 2004లో ఆ కంపెనీ దివాలా తీసి మూతపడింది.

"మరి ఆట కూడా పోవాలి కదా?" అన్నాను.

"పోలేదు మేష్టారూ. ఆడేవాళ్ళే బతికించుకున్నారు."

ఆటతోబాటు ట్రాక్‌లు, అంటే పందెపు దారులు, అతికించుకునే చిన్న పరికరం ఒకటి కంపెనీవాళ్ళే ఇచ్చేరుట. తయారుగా ఉన్న ముక్కల్ని పిల్లల దిమ్మల్లా జోడించడమే. అభిమానులకు అది చాలలేదు. బ్లెండర్ వంటి బొమ్మల సాధనాలు పట్టి, తమ వంటిళ్ళూ, దొడ్లూ, వీధులూ ఆటలోకి పోతపోసేరు. ఆర్‌వీజీఎల్ అనే పేరుతో ఆటయంత్రాన్నే తిరిగి రాసి, నేటి కంప్యూటర్లమీదా, ఫోన్లమీదా నడిచేలా చేసేరు. ఈ పిచ్చి ఒక్క ఈ ఆటకే పరిమితం కాదు. 2008 నాటి మారియో కార్ట్ వీ అనే జపాను ఆటకు అభిమానులు కట్టిన దారులు వందల్లో ఉన్నాయిట. ఎవరూ జీతమివ్వరు. కట్టినవాడు ఉచితంగా వదులుతాడు. ఎక్కడివాడో దింపుకుని ఆడుకుంటాడు.

మళ్ళీ బండెక్కేం. పలాసలో 2023 డిసెంబరులో తెరిచిన మూత్రపిండాల ఆసుపత్రిని దారిలో చూపించేడు. దశాబ్దాలుగా ఉద్దానాన్ని పీడిస్తూన్న ఆ జబ్బుకి కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. వాళ్ళ తాతగారు దానితోనే పోయేరని అప్పుడు చెప్పేడు.

"ఇదీ నీ ట్రాక్‌లో ఉందా?" అని అడిగేను.

"లేదు మేష్టారూ. తాతయ్య మంచం ఉంది."

ఆ తర్వాత కొంతదూరం ఇద్దరం మాట్లాడుకోలేదు.

సముద్రంవైపు తిరిగి, వజ్రపుకొత్తూరు మండలంలో అడుగుపెట్టేసరికి నేల రంగు మారింది. ఇసుకనేల. కొబ్బరి, జీడిమామిడి, పనస, మునగ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పెరిగే నేల. ఉద్యానవనం అన్న మాటే ఉద్దానమయిందంటారు. కాని ఇప్పుడు ఆ పచ్చదనం తలెత్తి చూసేది కాదు. చాలాచోట్ల కొబ్బరి ఇంకా లేతది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. గంటకు 140, 150 కిలోమీటర్ల గాలి. తలలు విరిగిన కొబ్బరి, వేళ్ళతో లేచిన జీడి. అప్పటికి వీడికి పదకొండేళ్ళు.

ఇంటికి చేరేక వాళ్ళ అమ్మమ్మ కాళ్ళకు నీళ్ళిచ్చింది. భోజనాలయ్యేయి. కుర్రవాడు వసారాలో కంప్యూటరు తెరిచేడు.

ఏం చెప్పను! అదే ఇల్లు. అదే వసారా. కారు వెనకనించి చూస్తున్నాం గనక అంతా చీమ ఎత్తున కనిపిస్తోంది. గడప దిగితే కళ్ళం. ఎండబోసిన జీడిపిక్కలు బండరాళ్ళు. కొబ్బరిడొక్కల పోగు ఒక కొండ. కొండ దిగి, నూతి పళ్ళెం చుట్టూ తిరిగి, తోటలో దూరి, మళ్ళీ గడపకి. ఒక చుట్టు. నలుదిక్కులా కొబ్బరిచెట్లు, నిండు మొవ్వులతో. ఒక్కటీ విరగలేదు.

అమ్మమ్మ తలుపు చెక్కకి చేరబడి చూస్తోంది.

"ఏట్రా, పనస సెట్టేదీ?"

"అదుగో, నూతి దగ్గర పెట్టేను. ఉన్నచోట ఉంటే దారికి అడ్డం వస్తోందే."

"నూతికాడ పనసెప్పుడుందిరా? మంచం కూడా అక్కడే ఏసినావు. మీ తాత నూతికాడ ఎప్పుడైనా తొంగున్నాడా?" ఆవిడ దగ్గరకొచ్చింది. "గాలి దాన్ని పడగొట్టింది గానీ, పక్కకి జరపనేదురా."

కుర్రవాడు తలదించుకున్నాడు. ఏమీ అనకుండా చెట్టునీ మంచాన్నీ పాతచోట పెట్టేడు. పందెం మొదలయింది. కంప్యూటరు నడిపే కార్లన్నీ వరసగా వెళ్ళి పనసచెట్టుకి గుద్దుకున్నాయి. ముసలమ్మ పకపకా నవ్వింది.

ఆ కార్లకు కళ్ళుండవు. దారి పొడుగునా జంటలు జంటలుగా గుర్తులు పాతాలి: ఇది ఎడమ హద్దు, ఇది కుడి హద్దు, నడుమ నువ్వు పోవలసిన గీత ఇదీ అని. అవికాక దారినంతటినీ గదులుగా విడగొట్టాలి. గదులన్నీ వరసగా దాటితేనే చుట్టు లెక్కకొస్తుంది. అడ్డదారిన పోయినవాడికి లెక్కలేదు. గణాలూ యతీ చెప్పుకుని బతికేవాణ్ణి. నాకు ఇట్టే అర్థమయింది. ఎక్కడ ఒక్క గుర్తు జరిపినా ముందూ వెనకా సవరించుకోవలసిందే.

సవరణ గదికి తలుపు తియ్యాలంటే ఆటగాడి పేరు రాసేచోట తన పేరు బదులు ఒక మాట రాయాలి: "మేకిట్‌గుడ్". ఆట తయారుచేసినవాళ్ళు తమకోసం పెట్టుకుని వదిలిపోయిన మంత్రమది. బాగుచెయ్యి అని అర్థం. కుర్రవాడు ఆ మాట కొట్టి, అర్ధరాత్రిదాకా గుర్తులు పీకి పాతుతూనే ఉన్నాడు.

తెల్లవారి ముగ్గురం దొడ్లోకి వెళ్ళేం. పనస ఉన్నచోట ఏమీ లేదు. కొంచెం పల్లం, దానిమీద గడ్డి. అమ్మమ్మ నూతి గట్టునించి అడుగులు వేసుకుంటూ వచ్చి, "ఇక్కడ" అని నిలబడింది. కుర్రవాడు టేపు పట్టి కొలిచేడు. ఎటు కొలిచినా వాడి లెక్క తప్పింది. నిజం కళ్ళం ఆటలో కళ్ళానికి సగం కూడా లేదు.

"చిన్నప్పుడు ఇంత పెద్దదిగా ఉండేది, మేష్టారూ" అన్నాడు.

"కళ్ళం ఎంత పెద్దది కట్టుకున్నా పరవానేదు. సెట్టు మాత్రం దాని సోటే ఉండాల" అంది అమ్మమ్మ.

అలాగే ఉంచేడు. సాయంత్రానికి కార్లు పనసచెట్టుని చూసి ఒదిగి తిరగడం నేర్చుకున్నాయి. అంతవరకూ సాఫీగా పోయే దారికి అక్కడొక మలుపు పడింది. ట్రాక్ మొత్తంలో ఇప్పుడు చెయ్యి తిరిగినవాడు కూడా జాగ్రత్తపడవలసిన చోటు అదొక్కటే. రేపు వీడు దీన్ని లోకంమీదికి వదిలితే, ఉద్దానం పేరు విననివాడు కూడా ఆ మంచానికి దారిచ్చి పోవలసిందే.

వ్యాసానికి మార్కులెన్నివ్వాలో ఇప్పటికీ తేల్చుకోలేదు. సిలబసులో దీనికి చోటు లేదు.

బయల్దేరేముందు నన్ను కూడా ఒక చుట్టు ఆడమన్నాడు. మీట పట్టుకున్నాను. పిక్కలు దాటేను, డొక్కల కొండ దిగేను, పనసచెట్టు దగ్గర మూడుసార్లు గుద్దేను. వెనకనించి అమ్మమ్మ ఆత్రంగా నా భుజం పట్టుకుంది.

"మెల్లగా ఎల్లు బాబూ, పిందెలు రాలిపోతాయి!"