ఒక్క అంగుళం

మా కోయంబత్తూరు అవినాశి రోడ్డులో ఇప్పుడు రెండు రోడ్లున్నాయి. ఒకటి పైన, ఒకటి కింద. 2025 అక్టోబరులో తెరిచిన పైవంతెన ఉప్పిలిపాళయం నుంచి గోల్డ్‌విన్స్ దాకా 10.1 కిలోమీటర్లు పోతుంది. దానికి మన జి.డి. నాయుడుగారి పేరు పెట్టారు. పైన పోయే కారుకు గుంత అంటే తెలియదు. కింద పోయే కారుకు గుంత, మిట్ట, ఆటో, ఆవు అన్నీ తెలుసు. మా అబ్బాయికీ నాకూ మొన్న జరిగిన వాదం ఈ రెండు రోడ్ల మధ్యదే.

వాడు తన స్విఫ్ట్ కారును కిందికి దింపాలన్నాడు. "నైనా, పొట్టి స్ప్రింగులు వేస్తే చాలు. ఒక్క అంగుళం దిగుతుంది. మలుపులో ఊగదు, చూడ్డానికీ బాగుంటుంది" అన్నాడు. వద్దని కసరడానికి నాకు నోరు రాలేదు. 1986లో నా పాత ప్రీమియర్ పద్మినికి ముందు స్ప్రింగుల్లో ఒకటిన్నర చుట్టు కోయించిన ఘనుణ్ణి నేనే. మూడు నెలల్లో ముందు టైర్ల లోపలి అంచులు నున్నగా అరిగిపోయాయి. గుంతలో పడితే దడేల్మని నడుము దాకా తగిలేది. ఈ సంగతి వాడికి అంతకు ముందెన్నడూ చెప్పలేదు.

సరే, కొనేముందు చూసి వద్దామని ఒక శనివారం ఇద్దరం బయలుదేరాం. మొదట అవినాశి రోడ్డులోనే ఉన్న జీడీ కార్ల మ్యూజియానికి పోయాం. నాయుడుగారి కుటుంబం 2015లో తెరిచిన మ్యూజియం అది. పాత కార్లన్నీ ఒకచోట చూస్తే మొదట కంటికి కనబడేది వాటి ఎత్తే. పెద్ద చక్రాలు, నేలకు బాగా పైన ఒళ్ళు. ఆనాటి రోడ్లు మట్టి రోడ్లు, బండి జాడలు. కారు ఎత్తును అందం కొలవలేదు, దారి కొలిచింది. మావాడు ఏమీ అనలేదు గాని ఒక్కొక్క కారు దగ్గరా వంగి కిందికి చూశాడు.

అక్కడినుంచి చెట్టిపాళయం వైపు పోయాం. అక్కడే కరి మోటార్ స్పీడ్‌వే ఉంది. మన ఊళ్ళోనే రేసు కార్లు తయారుచేసి, 1995లో కన్నుమూసిన కరివర్ధన్ గారి పేరు మీద 2003లో వెలిసిన 2.1 కిలోమీటర్ల ట్రాక్. పోటీ కార్లకు పనిచేసిన మెకానిక్ ఒకాయన ఆ దారిలోనే షెడ్డు పెట్టుకున్నాడు. అరవంలో మొదలుపెట్టి, మేము తెలుగువాళ్ళమని తెలిశాక తెలుగులోకి దిగాడు.

నా పద్మిని కథ చెబితే నవ్వాడు. "చుట్టు కోస్తే స్ప్రింగు మెత్తబడుతుందనుకున్నారా? గట్టిపడుతుంది సార్" అన్నాడు. నేను ఇన్నేళ్ళూ దానికి ఎదురుగానే అనుకుంటున్నాను. ఎనిమిది చుట్లలో ఒకటి తీసేస్తే మిగిలిన ఏడింటి మీదే బరువంతా పడుతుంది, ఏడో వంతు, అంటే సుమారు 14 శాతం బిగువు పెరుగుతుంది. అయినా చాలదు. కారు దిగినంత మేరా చక్రం పైకి కదిలే జాగా తగ్గిపోతుంది కాబట్టి, గుంతలో బంప్ రబ్బరుకు కొట్టుకోకుండా ఉండాలంటే బిగువు ఇంకా కావాలి. పైగా కోసిన కొన తన గిన్నెలో సరిగా కూర్చోదు.

అందుకే దింపడానికని చేసిన స్ప్రింగును లావు తీగతో చుడతారట. తీగ 12 మిల్లీమీటర్ల నుంచి 13కు పెరిగితే చాలు, తక్కినవన్నీ అలాగే ఉన్నా బిగువు దాదాపు 38 శాతం పెరుగుతుంది. కొన్నిటిలో చుట్లు ఒకచోట దగ్గరగా, ఒకచోట దూరంగా ఉంటాయి. అవి తక్కువ బరువుకు మెత్తగా, ఎక్కువ బరువుకు గట్టిగా ఉంటాయి.

"ఎంత దిగుతుందని కాదు బాబూ, ఎంత బిగువని అడిగి కొనాలి. ఆ బిగువును మీ షాక్ అబ్జార్బర్లు పట్టి ఆపగలవా అని అడగాలి. దింపిన తరువాత అలైన్‌మెంటు తప్పకుండా చేయించాలి, లేకపోతే నైనాగారి టైర్ల కథే" అన్నాడు. ఆ మాటతో మావాడు నా వైపు చూసి పకపకా నవ్వాడు.

ఇంకొక ఉపాయం కూడా చెప్పాడు. షాక్ అబ్జార్బరు కడ్డీకి ఒక ప్లాస్టిక్ టై బిగించి, మీరు రోజూ తిరిగే దారిలో ఒక చుట్టు తిరిగి రండి. టై ఎంత దూరం జరిగిందో అంత జాగాను మీ దారి వాడుకుంటున్నట్టు లెక్క.

మరునాడు పొద్దున మా వీధిలోనే కొలతలు మొదలుపెట్టాం. ఈ కారు గ్రౌండ్ క్లియరెన్సు కాగితంలో 163 మిల్లీమీటర్లు. ఎక్కువగా అందులో పోయేది మేము నలుగురం: నేను, నా భార్య, అబ్బాయి, 78 ఏళ్ళ మా అమ్మ. నలుగురం కూర్చుంటే కారు నడిమధ్య 30 మిల్లీమీటర్లు కుంగింది. మిగిలింది 133. మా వీధి మొగలో ఉన్న స్పీడు బ్రేకరు ఎత్తు 120. అంటే ఈ రోజున వేలెడు సందుతో గట్టెక్కుతున్నాం.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం స్పీడు బ్రేకరు 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. అలాంటిదైతే 2.45 మీటర్ల దూరంలో చక్రాలున్న ఈ కారు మొత్తంగా దానిమీదికి ఎక్కేస్తుంది, కడుపు కింద 5 సెంటీమీటర్లున్నా చాలు. మా వీధిదో, రెండు జానల వెడల్పు. ముందు చక్రాలు దాటాక అది కారు కడుపు కింద నిలబడుతుంది.

మావాడు కాగితం తీసుకున్నాడు. ఒక అంగుళం, అంటే 25 తగ్గించాడు. కొత్త స్ప్రింగు నాలుగో వంతు గట్టిదనుకుని, కుంగేది 30 కాదు 24 అని వేసుకున్నాడు. 114 వచ్చింది. పెన్సిలు పక్కన పెట్టాడు.

అప్పటిదాకా అరుగు మీద కూర్చుని అంతా చూస్తున్న మా అమ్మ అడిగింది: "ఒరే అబ్బోడా, కారు ఎంత దిగితే నేను అంత వంగాల గదరా?" ఆవిడ మోకాళ్ళ నొప్పి సంగతి మా లెక్కలో ఎక్కడా రాలేదు. ప్రతి శుక్రవారం గుడికి ఆ కారులోనే పోతుంది. ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు ఆవిడకు కష్టం. సీటు ఒక అంగుళం కిందికి పోతే, లేవడానికి ఎవరైనా చెయ్యి పట్టుకోవాలి. ఇప్పటిదాకా ఎవరి చెయ్యీ పట్టుకోకుండా దిగుతోంది.

ఇంకొక మాట కూడా పాఠకులకు చెప్పాలి. 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా దీన్ని గట్టిగానే చెప్పింది. ప్రమాదం జరిగితే బీమా దగ్గర కూడా పేచీ వస్తుంది. స్ప్రింగు కొనేముందు ఆర్.టి.ఓ. ఆఫీసులోనూ, బీమా వారినీ అడగడం మంచిది.

అయితే మలుపులో కారు ఊగుతోందన్న మావాడి మాట అబద్ధం కాదు. మళ్ళీ ఆ షెడ్డుకు తీసుకుపోతే వెనుక షాక్ అబ్జార్బర్లు రెండూ నూనె కారి ఉన్నాయి. కంపెనీ ఎత్తు కంపెనీ ఎత్తుగానే ఉంచి, నాలుగూ కొత్తవి వేయించాం. ఆ సాయంత్రం పైవంతెన మీద గోల్డ్‌విన్స్ దాకా పోయి, కింది రోడ్డున తిరిగొచ్చాం. ఊపు పోయింది.

వాడి మనసులో కోరిక పోయిందని నేననుకోను. రేసు ట్రాక్ మీద నడపడానికని ఎప్పుడైనా వేరే బండి కొంటే అప్పుడు దింపుకుంటానన్నాడు. దింపుకోనీ. అప్పుడు స్ప్రింగులు ఏరడానికి నేనూ వెంట పోతాను. ఈ కారు మాత్రం శుక్రవారం గుడి ముందు ఆగుతుంది. మా అమ్మ తలుపు తీసుకుని, తన కాళ్ళ మీద తను దిగుతుంది.