పెద్దాసుపత్రి

కోనసీమలో “పెద్దాసుపత్రికి తీసుకుపోయారు” అన్నచో ఏ యూరికని యెవ్వరును మరల నడుగరు. అది కాకినాడ ప్రభుత్వ వైద్యశాలయే. 2022 లో కోనసీమ వేరు జిల్లా యయ్యెను గాని యీ వాడుక మారలేదు. ఆ మాట పలుకునపుడు మా పెద్దలు గొంతు తగ్గించెడివారు. అందులకు రోగభయ మొక్కటియే కారణము కాదు. నడుమ గౌతమి యుండెను. 2002 లో యెదుర్లంక, యానాముల నడుమ వంతెన యేర్పడు వరకు ఆ దారిన పోవువారు పడవయో పంటో యెక్కవలసినదే. రాజోలు ప్రాంతము వారు అంతకు ముందే వైనతేయను గూడ దాటవలెను. రాత్రివేళ నొప్పులు వచ్చిన స్త్రీని మంచముపై రేవునకు మోసికొనివచ్చి, యానాము దీపములను చూచుచు తెల్లవారు వరకు కూర్చుండిన సంగతులు మా యిండ్లలో నేటికిని చెప్పుకొందురు.

ఇది రోగులకు ఆసుపత్రి, విద్యార్థులకు బడి. చెన్నపట్టణమున 1835 లోనే వైద్యవిద్యాలయము వెలసినను, సర్కారు జిల్లాలకు వైద్యకళాశాల 1923 లో గాని రాలేదు. అది విశాఖపట్టణమున, కింగ్ జార్జి ఆసుపత్రితో గూడి వచ్చెను. గోదావరి సీమకు 1958 లో దాతల విరాళములతో కాకినాడలో రంగరాయ వైద్యకళాశాల యేర్పడెను. దాని విద్యార్థులు రోగిని చూచి నేర్చుకొను చోటు ఈ పెద్దాసుపత్రియే.

కొన్ని యేండ్ల క్రిందట మా మామ్మగారు అచ్చట పండ్రెండు దినము లుండిరి. ఉదయమున ఆచార్యుడు ముందు, విద్యార్థులు వెనుక, పడక పడకకు వచ్చెడివారు. ఒకరు నాడి చూతురు; ఒకరు వీపుపై గొట్టము నుంచి ఊపిరి విందురు; దగ్గు ఎన్నాళ్ల నుండి, జ్వరము ఏ వేళ నని అందరును అడుగుదురు. చెప్పినదే చెప్పి విసిగి మామ్మగారు, “ఒక్క దగ్గుకి ఇంతమంది డాక్టర్లా నాయనా?” అనిరి. ఒక చిన్నవాడు సిగ్గుపడి, “మేమింకా డాక్టర్లం కాదండి మామ్మగారూ. మీ దగ్గర నేర్చుకుంటున్నామండి” అనెను. మరునాటి నుండి అతడు రాగానే ఆమె తామే చేయి చాచెడివారు.

కలిగినవాడు తన గదిలో ఒక్క వైద్యునికి చూపించుకొనును. పదిమందికి తన శరీరమును పాఠముగా నిచ్చువాడు బీదవాడే. రోగి ఊపిరిలోని గురగుర పుస్తకము చదివినంత మాత్రమున చెవికి పట్టదు గదా! అమలాపురమున, కొత్తపేటలో నేడు బల్లకట్టి వైద్యము చేయువారిలో కొందరు ఆ పడకల చెంత నేర్చినవారే. తమ రుసుము చెల్లింపజాలని వారి యొద్దనే వారు విద్య నేర్చిరి. ఈ బాకీ ఏ పద్దులోను వ్రాయబడి యుండదు.

ఇంటికి మరలు నాడు ఆ చిన్నవాడు మందుల చీటిపై పొద్దున, మధ్యాహ్నము, రాత్రి యని తెలుగులో వ్రాసి యిచ్చెను. అట్లు వ్రాయుమని అతనికి ఆచార్యుడు చెప్పలేదు. మామ్మగారే అడిగి వ్రాయించుకొనిరి.