ఎర్ర సీసా

తుపాకి అంటే చిన్నప్పుడు నాకు తెలిసిందల్లా దీపావళికి కొనిపెట్టే రీలు తుపాకి. కాస్త పెద్దయ్యాక బ్యాంకు గుమ్మంలో స్టూలు వేసుకు కూర్చునే కాపలాదారు భుజాన వేలాడే రెండు గొట్టాల తుపాకి చూశాను. అది పేలుతుందని మా వూళ్ళో ఎవరికీ నమ్మకం లేదు. ఆ కాపలాదారుకి అసలే లేదు. అలాంటి వూరినుంచి వచ్చి, పెన్సిల్వేనియా కొండల్లో ఓ చిన్న పట్నంలో వైద్యం చేసుకుంటున్నాను. ఇక్కడ జింకల వేట మనకి సంక్రాంతి లాంటిది. 2018 దాకా థాంక్స్‌గివింగ్ తరవాత వచ్చే సోమవారం వేట మొదలయ్యేది. పిల్లలు ఎలాగూ రారని చాలా బళ్ళకి ఆ రోజు సెలవిచ్చేవారు. 2019 నుంచి దాన్ని శనివారానికి జరిపారు.

మా పక్కింటాయన డెబ్బై అయిదు దాటిన మనిషి. మేం ఆ యింట్లో దిగిన మొదటి శీతాకాలం, నేను ఆస్పత్రినుంచి వచ్చేసరికి మా వాకిట్లో మంచంతా ఎత్తిపోసి, మాట కూడా చెప్పకుండా వెళ్ళిపోయాడు. అంతటివాడు పోయిన నవంబర్లో, "డాక్, ఓసారి మా గరాజుకి రా, వేట సరంజామా చూద్దువుగాని" అంటే కాదనలేకపోయాను.

బల్లమీద పాత పేపర్లు పరిచి రైఫిలు పెట్టాడు. ముందు తూటాల పెట్టె వూడదీశాడు. తరవాత గొట్టం మొదట్లో వుండే అర తెరిచి చూశాడు, చిటికెన వేలు పెట్టి తడిమాడు, నన్నూ చూడమన్నాడు. "శుభ్రం చేస్తుంటే పేలిందండీ అనేవాళ్ళు మీ ఆస్పత్రికి వస్తూ వుంటారుగా" అన్నాడు. వస్తూనే వుంటారు. పెట్టె తీసేశాం గదా, ఖాళీ అయిపోయిందనుకుంటారు. అరలో ఒక్క తూటా మిగిలి వుంటుంది.

తుపాకి శుభ్రం చెయ్యడానికి ప్రత్యేకమైన మందులేవో వుంటాయనుకున్నాను. ఆయన దగ్గర కొట్లో కొన్నది ఒక్కటే, 1903 నుంచీ అమ్ముతున్న హాపీస్ నంబరు 9. మిగతావన్నీ వంటింటివి, కారువి. ముక్కలు చేసిన పాత బనీన్లు, అరిగిన పళ్ళ బ్రష్షులు, చెవిలో పెట్టుకునే దూది పుల్లలు. కదిలే భాగాలకి కారు ఇంజనులో పోసే సింథటిక్ నూనె ఒక్కొక్క చుక్క. మా తాతగారు ఎడ్లబండి ఇరుసుకి ఆముదంలో మసి కలిపి కందెన పెట్టడం జ్ఞాపకం వచ్చి, వంటనూనె పనికిరాదా అని అడిగాను. గాలి తగిలి జిగురు కడుతుందన్నాడు. నిజమే, మన వంటింట్లో నూనె డబ్బా చుట్టూ పేరుకునే జిడ్డు అదే కదా. నూనె ఎక్కువైనా చలికి ముద్ద కట్టి తూటాని కొట్టే ముల్లు మెల్లగా కొడుతుందట, అది పేలదట.

డబ్ల్యూ.డి.-40 డబ్బా కూడా వుంది. 1953లో శాన్‌డియేగోలో రాకెట్ కెమికల్ కంపెనీవారు క్షిపణులకి తుప్పు పట్టకుండా తయారుచేసిన మందు. నీటిని తరిమే నలభయ్యో ప్రయత్నం ఫలించిందని ఆ పేరు. తడిసిన తుపాకికి అది మంచిదేగాని, కందెనగా ఎక్కువకాలం నిలవదు.

వాళ్ళ నాన్న వదిలివెళ్ళిన పాత తూటాల సంగతి ఇంకా వింత. వాటి ప్రైమరులో పొటాషియం క్లోరేటు వుంటుంది. అది కాలి పొటాషియం క్లోరైడు, అంటే ఒక రకం ఉప్పు, గొట్టంలో మిగులుతుంది. వానాకాలంలో మన ఉప్పుజాడీ చెమ్మగిల్లినట్టు అదీ తేమని లాక్కుని తుప్పు పట్టిస్తుంది. ఉప్పు నూనెలో కరగదు. అంచేత వేణ్ణీళ్ళతో కడిగి, ఆరబెట్టి, అప్పుడు నూనె రాయాలి. కొందరు అమ్మోనియా వున్న అద్దాల మందు చల్లుతారుగాని, పని చేసేది అందులోని నీళ్ళే.

"ఇంత శ్రద్ధ ఎక్కడ నేర్చారు?" అన్నాను. వియత్నాంలో అన్నాడు. 1966, 67 ప్రాంతాల్లో ఎం-16 రైఫిళ్ళు ఇచ్చినప్పుడు వాటికి పెద్దగా శుభ్రం అక్కర్లేదని చెప్పారట. సామగ్రీ చాలినంత ఇవ్వలేదు. తుపాకులు ఇరుక్కుపోయి మనుషులు చచ్చిపోయారు. 1967లో కాంగ్రెసు ఉపసంఘం విచారణ జరిపింది. 1968లో విల్ ఐస్నర్ బొమ్మలు వేసిన చిన్న పుస్తకం ఒకటి సైనికులకి పంచారు. ఆయన వెళ్ళేసరికి ఆ పుస్తకం చేతికొచ్చింది. ఆయనకన్నా ముందు వెళ్ళినవాళ్ళకి రాలేదు. అంతకుమించి ఆయన చెప్పలేదు, నేనడగలేదు.

చివర్న అలమారు కింది అరలోంచి ఓ సీసా తీశాడు. ఒకప్పుడు పళ్ళరసం వచ్చిన గాజు సీసా. లోపల ఎర్రటి ద్రవం, అచ్చం మన రోజా షర్బత్తులా. సి.ఇ. హారిస్ అనే ఆయన చెప్పిన 'ఎడ్స్ రెడ్' అట. కిరసనాయిలు, మినరల్ స్పిరిట్సు, అసిటోను, కారు గేరుపెట్టెలో పోసే ఎర్ర నూనె, నాలుగూ సమపాళ్ళు. సైన్యం పాత వంటకంలో తిమింగిలం నూనె వుండేది. హారిస్ దాని బదులు గేరు నూనె వేశాడు. చవక, పనిమంతురాలు అని మురిసిపోతూ చెబుతున్నాడు.

నాకు వినబడటం మానేసింది. హౌస్‌సర్జన్‌గా వున్నప్పుడు ఓ రాత్రి రెండేళ్ళ పిల్లవాణ్ణి తెచ్చారు. సోడా సీసాలో పోసి పొయ్యి పక్కన పెట్టిన కిరసనాయిలు తాగాడు. ప్రమాదం కడుపుకన్నా వూపిరితిత్తులకే ఎక్కువ. పల్చటి నూనె శ్వాసలోకి జారిపోతుంది. తల్లి ప్రేమకొద్దీ ఉప్పునీళ్ళు పట్టి వాంతి చేయించింది, అంటే రెండోసారి జారడానికి దారి చేసింది. తెల్లవారేలోపల పోయాడు. ఆ తల్లితో నేను చెప్పిన మాట ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు.

పక్కింటాయనకి ఆ కథ చెప్పాను. ఆయనకి ముగ్గురు మనవలు. ఏమీ అనకుండా సీసాకేసి చాలాసేపు చూశాడు. మర్నాటికి అది మూత బిగించే రేకు డబ్బాలోకి మారింది, మీద 'విషం' అని పెద్దక్షరాలు, అలమారుకి తాళం.

నీతి చెప్పి వచ్చానన్న తృప్తితో ఇంటికొచ్చి, మా గరాజు దీపం వేశాను. కింది అరలో మామిడిపళ్ళ రసం సీసాలో నీలం రంగు నీళ్ళు! కారు అద్దం తుడిచే మందు. పెద్ద డబ్బా కారుతోందని ఎవరో అందులో పోశారు. అందులో మిథనాలు వుంటుంది, కళ్ళు పోతాయి, ప్రాణమూ పోతుంది. మాకు నాలుగేళ్ళ పిల్ల వుంది. కోపంగా మా ఆవిణ్ణి పిలిచాను. ఆవిడ చూసి, "ఏవండీ, అది పోసింది మీరే" అంది.

తుపాకులు మనకెందుకని చదవడం మానేసేవారికి నా మనవి ఇంతే. ఈ పేజీ పక్కన పెట్టి ఒకసారి మీ గరాజులోకి వెళ్ళి రండి. పిల్లలు పొరపాటున ఏదైనా తాగితే వాంతి చేయించకండి. మామూలుగా వుంటే 1-800-222-1222కి ఫోను చెయ్యండి. విషాల కేంద్రంవారు పగలూ రాత్రీ పలుకుతారు. స్పృహ తప్పినా, వూపిరి ఆడకపోయినా 911కి చెయ్యండి.