స్విమ్మింగ్ మానేసిన కుర్రాడు

డాలస్ పక్కన మా ఫ్రిస్కోలో ఏ పుట్టినరోజు భోజనాలకు వెళ్లినా ఈ ప్రశ్న తగులుతుంది: "మావాడు స్విమ్మింగ్ మానేసి రన్నింగ్‌లో చేరతానంటున్నాడండీ. కాలేజీలవాళ్లు ఏమనుకుంటారో?" ఏళ్ల తరబడి తెల్లారకముందే లేచి, కారు తీసి, పిల్లాణ్ణి పూల్ దగ్గర దింపి వచ్చిన తల్లి అడిగే మాట అది. అందులో కాలేజీ భయం ఎంతో, క్లబ్బుకు కట్టిన ఫీజుల బాధ ఎంతో విడదీయడం కష్టం.

కోచ్‌ల కళ్లల్లో పడ్డ పిల్లల సంగతి వేరు. ఐవీ లీగ్ ఆటల కోసం స్కాలర్‌షిప్పులు ఇవ్వదు గానీ, అక్కడా కోచ్ మాట చెల్లుతుంది. కోచ్‌లు ఎంచుకున్న ఆటగాళ్లలో నూటికి 86 మందికి సీటు దొరికిందని హార్వర్డ్ అడ్మిషన్ల కేసులో తేలింది. అలాంటి పిల్లాడు పదకొండో క్లాసులో ఆట మార్చడమంటే చేతికొచ్చిన పంట వదులుకోవడమే.

మన పిల్లల్లో ఎక్కువమంది ఆ లెక్కలోకి రారు. వాళ్లకున్నది కామన్ యాప్ దరఖాస్తు. అందులో వ్యాపకాలకు పది గళ్లు, ఒక్కోదాని గురించి రాసుకోవడానికి 150 అక్షరాలు, ఖాళీలతో కలిపి. ఏ ఏ క్లాసుల్లో చేశావో టిక్కు పెట్టాలి. వారానికెన్ని గంటలో, ఏడాదికెన్ని వారాలో వెయ్యాలి. స్విమ్మింగ్‌కు 9, 10 దగ్గర టిక్కులు, పరుగుకు 11, 12 దగ్గర. ఎందుకు మానేశావని అడిగే గడి లేనే లేదు. ఏటా ఒక క్లబ్బు చొప్పున తిరిగితే అనుమానం రావచ్చు గానీ, ఒక ఆట వదిలి ఇంకోదాన్ని గట్టిగా పట్టుకున్నవాణ్ణి ఎవరు తప్పుపడతారు? ఎంసెట్ రాసి వచ్చిన తరం కదా మనది, దేనికైనా ఎక్కడో మార్కులు కోస్తారనే మన బెంగ. అసలు కోయాల్సింది 2019లో కాలేజీ అడ్మిషన్ల మోసంలో బయటపడ్డ తల్లిదండ్రులకు: ఆటగాళ్లని నమ్మించడానికి, ఎన్నడూ పడవ నడపని ఆడపిల్లల్ని రోయింగ్ మెషిన్ మీద కూర్చోబెట్టి ఫొటోలు తీయించారు!

మా ఎదురింటి అబ్బాయి అలాగే క్రాస్ కంట్రీకి మారాడు. ఒక్కో జట్టు నుంచి ఏడుగురు పరిగెడితే, ముందొచ్చిన అయిదుగురి స్థానాలే కూడతారు. మొత్తం తక్కువున్న జట్టుది గెలుపు. మొదటివాడు ఒకరిని దాటితే ఒక పాయింటు తగ్గుతుంది. వెనకాల గుంపులో అయిదోవాడు చివరి వంద మీటర్లలో పదిమందిని దాటితే పది. మా ఎదురింటివాడే ఆ అయిదోవాడు. గెలుపోటములు చాలాసార్లు వాడి కాళ్ల మీదే ఉంటాయి, చప్పట్లు మాత్రం మొదటివాడికి.

ఇదంతా 150 అక్షరాల్లో ఎలా ఇరికించాలన్నదే ఇప్పుడు వాళ్లింట్లో రోజూ గొడవ. "వైస్ కెప్టెన్ అని రాయరా" అంటాడు తండ్రి. వాళ్ల టీములో ఆ పదవే లేదు.