నీళ్ల తొట్టిలో బుడగ

తెనాలి శివార్లలో నేను చూడబోయిన సైకిల్ షాపుకు బోర్డు లేదు. చెట్టుకొమ్మకు వేలాడే పాత టైరే బోర్డు. కింద గాలి పంపు, నీళ్ల తొట్టి, నాలుగు పానాలు, ఆకురాయి, సొల్యూషన్ ట్యూబు, కత్తిరించిన పాత ట్యూబు ముక్కలు. పంచర్ వేయడానికి కావలసిన సరంజామా అంతా అంతే, ఒక చేతిసంచిలో పట్టేస్తుంది. చిన్న మరమ్మతులు సైకిల్ తొక్కేవాళ్లే చేసుకోవాలని నేనంటాను. పది రూపాయలు మిగులుతాయని కాదు, సైకిల్ ఎందుకు పాడైందో తెలుస్తుందని.

మేస్త్రీ ట్యూబు బయటికి లాగి, గాలి కొట్టి, కొంచెం కొంచెంగా తొట్టిలో ముంచుతూ తిప్పాడు. ఒకచోట సన్నటి బుడగల వరస లేచింది. మనమైతే అక్కడికక్కడ ముక్క అతికించేస్తాం. ఆయన ముందు ఆ చిల్లు ఎటువైపు ఉందో చూశాడు. రోడ్డు వైపు ఉంటే ముల్లో మేకో. అది టైరులో ఇంకా ఉండొచ్చు, వేళ్లతో లోపలంతా తడిమి తీయకపోతే వీధి చివరికి వెళ్లేసరికి మళ్లీ పంచరే. రిమ్ము వైపు ఉంటే చక్రం పుల్ల కొస పొడుచుకొచ్చినట్టు. పక్కపక్కనే రెండు చిల్లులుంటే ఏ ముల్లూ కాదు, గాలి తక్కువై రాయికీ రిమ్ముకీ మధ్య ట్యూబు నలిగిందన్నమాట. ఆ మూడోదానికి మందు సొల్యూషన్ కాదు, పంపు. అతికించడంలో కూడా ఓపికే పనితనం: గరుకుగా అరగదీసి, సొల్యూషన్ రాసి, అది ఆరేదాకా ఆగాలి. తడి మీదే ముక్క వేస్తే ఊడిపోతుంది.

చైను సంగతీ ఇంతే. దాని పిన్నుకూ పిన్నుకూ మధ్య అర అంగుళం. కాబట్టి బడిపిల్లల స్కేలు చాలు: ఒక పిన్ను నడిమి నుంచి ఇరవై నాలుగు లింకులు లెక్కపెడితే సరిగ్గా 12 అంగుళాలు రావాలి. అంగుళంలో ఎనిమిదో వంతు ఎక్కువ వచ్చిందంటే చైను అరిగిపోయింది, పళ్లచక్రాన్నీ తినేస్తోంది. చాలామంది అది చూడకుండా నూనె పోస్తారు. మన ఊళ్లలో ఓవర్‌హాలింగ్ కాస్తా ‘ఓవరాయిలింగ్’ అయింది మరి! దుమ్ము తుడవకుండా పోసిన నూనె, ఇసుకతో కలిసి చైనును గరుకుకాగితంలా అరగదీస్తుంది.

అందరూ ఇలా నేర్చుకుంటే మేస్త్రీ పొట్ట కొట్టినట్టు కాదా? న్యాయమైన ప్రశ్నే. కానీ షాపులో ఎక్కువసేపు నడిచిన పని పంచర్ కాదు, చక్రం బెండు తీయడం. పుల్లల్ని ఒక్కొక్కటే పావు మర చొప్పున బిగిస్తూ, వదులుతూ చేసే ఆ పనికి ఏళ్ల అలవాటు కావాలి. దానికెవరైనా ఆయన దగ్గరికే రావాలి. అసలు మేస్త్రీకి గిరాకీ తగ్గించేది గోడకు ఆనించి వదిలేసిన సైకిలే. బయట వరసలో ఒక అట్లాస్ ఉంది. సాహిబాబాద్‌లో ఆ కంపెనీ ఫ్యాక్టరీలో పని ఆగిపోయింది 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినం నాడు. ఈ బండి మాత్రం ఇంకా తిరుగుతోంది. చైను, టైరు, బ్రేకు కట్టలు ఏ కంపెనీవైనా పట్టే కొలతలు కావడమే కారణం. ‘బడికొస్తా’ లాంటి పథకాల కింద ఆడపిల్లలకు సైకిళ్లు ఇచ్చినప్పుడు, అవి మూలపడకుండా ఒక పూట కూర్చోబెట్టి పంచర్ వేయడం కూడా నేర్పి ఉంటే బాగుండేది.

తెలియని చెయ్యి పడితే ఉన్నది కాస్తా పాడవుతుందనే మాటను మాత్రం తోసిపారేయలేను. షాపు గోడకు మరలు చెడిన క్రాంకులు రెండు వేలాడుతున్నాయి. కుడి పెడలును ఎడమ పక్క బలవంతంగా ఎక్కిస్తే అయ్యే పని అది. ఎడమ పెడలుకు మరలు ఎదురు దిక్కున ఉంటాయి. మామూలుగా విప్పినట్టు తిప్పితే ఇంకా బిగుస్తుంది. ఏది ఏ పక్కదో పెడలు ఇరుసు చివర ‘ఎల్’, ‘ఆర్’ అని కొట్టి ఉంటుంది, మీద పేరుకున్న జిడ్డు తుడిస్తే కనబడుతుంది.