పరుషాల మెట్టు, సరళాల మెట్టు

ట్యాబ్లెట్ మీద రాయడం మొదలుపెట్టాక నెల రోజులపాటు పేజీని పూర్తిగా చూసిందే లేదు. రాద్దామని వేలు తాకించగానే కింది నుంచి అక్షరాల పలక లేచి సగం అద్దాన్ని కప్పేసేది. మిగిలిన సగంలో నాలుగైదు వాక్యాలు కనబడేవి. ఆరో వాక్యానికి వచ్చేసరికి మొదటిది పైకి జారి మాయమయ్యేది. ముందేం రాశానో చూసుకోవాలంటే ఆ పలకను దించాలి, పేజీని లాగాలి, చదవాలి, మళ్లీ తాకించాలి. ఈలోగా అనుకున్న మాట పోయేది.

మాటలు పోవడం నాకు చిన్న విషయం కాదు. నేను రాస్తున్నవి మాటలే. తెలుగు టీచరుగా పనిచేసిన ఏళ్లలో ఎక్కువ భాగం చింతపల్లి వైపు గడిచింది. రోజూ తెల్లవారుజామున నర్సీపట్నం కాంప్లెక్సులో బస్సెక్కితే లంబసింగి ఘాటీలో మంచు, పైన సంతకు మూటలతో దిగేవాళ్లు. అడ్డాకుల కట్టలు, కొండచీపుర్లు, పసుపు, చింతపండు, పిప్పళ్లు, రాజ్‌మా గింజలు. ఆ బస్సులో విన్న మాటలు నోటుపుస్తకాల వెనక అట్టల మీద రాసుకునేదాన్ని. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయి మా ఊరు నర్సీపట్నం అనకాపల్లి జిల్లాలోకి, చింతపల్లి అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లాయి. బస్సు మాత్రం అదే, ఘాటీ అదే, మాట కూడా అదే. రిటైరయ్యాక ఆ అట్టలన్నీ ముందేసుకుని ఒక్కో మాటకు ఒక్కో పేజీ రాద్దామని కూర్చున్నాను. మావాడు హైదరాబాదు నుంచి ట్యాబ్లెట్ పంపించింది అందుకే.

నోటితో చెబితే అదే రాసుకుంటుంది కదమ్మా అన్నాడు. చెప్పి చూశాను. ‘ఒగ్గేయడం’ అన్నాను. అది మరేదో రాసింది. నెమ్మదిగా, విడదీసి చెప్పాను. ఇంకేదో రాసింది. వేలితో రాసినా అంతే. రెండక్షరాలు పడగానే అద్దం మీద మూడు మాటలు చూపించి, వీటిలో ఏది కావాలంటుంది. నాకు కావలసింది వాటిలో లేదు. బుగత, గుంటడు, అప్ప, ఒగ్గేయడం, ఏటి: ఇవి తప్పులు కావు, దిద్దాల్సినవీ కావు. విశాఖ నుంచి శ్రీకాకుళం దాకా జనం బతికిన మాటలు. ఎవరూ సలహా ఇవ్వకుండా, నేను కొట్టిన అక్షరం కొట్టినట్టు పడాలంటే చేతికింద నిజమైన మీటలు ఉండాలని అప్పుడు తోచింది.

ఇంట్లో పాత కంప్యూటరు పాడైపోయి అటక ఎక్కింది. దాని కీబోర్డు మాత్రం బాగానే ఉంది. బట్టతో తుడిచి, సంచిలో పెట్టుకుని అబీద్ సెంటర్‌లో నా దగ్గర చదువుకున్న కుర్రాడి సెల్‌ఫోన్ల దుకాణానికి వెళ్లాను.

“మేడమ్, మీరు రావాలా? కబురెడితే నేనే వద్దును కదా” అని స్టూలు వేశాడు. కీబోర్డు వైరు కొస చూశాడు, ట్యాబ్లెట్ అడుగున ఉన్న సన్న కంత చూశాడు, అరలోంచి బొటనవేలంత ముక్క తీశాడు. “ఓటీజీ అండి ఇది. ఇది లేకుండా మామూలు వైరు ఎడితే, రెండూ ఒకరి మొహం ఒకరు చూస్కుంటాయి తప్ప మాట్లాడుకోవు.”

ఎందుకు మాట్లాడుకోవో తర్వాత తెలుసుకున్నాను. ట్యాబ్లెట్‌ను చార్జింగుకు పెట్టినప్పుడు అది కరెంటు తీసుకునే వస్తువు. కంప్యూటరుకు తగిలిస్తే చెప్పినట్టు వినే వస్తువు. కీబోర్డు తగిలించినప్పుడు మాత్రం అదే యజమాని కావాలి, కరెంటు కూడా అదే ఇవ్వాలి. ఆ సంగతి దానికి ఎలా తెలియాలి? నా ట్యాబ్లెట్ లాంటి పాతవాటి కంతలో ఐదు సూదులుంటాయి. నాలుగోదాన్ని ఓటీజీ ముక్క లోపలే నేల తీగకు కలిపేస్తుంది. ఆ కలయిక చూసి ట్యాబ్లెట్ తన పాత్ర మార్చుకుంటుంది. ఇప్పటి టైప్-సి కంతల్లో ఈ పని వేరే తీగల మీద జరుగుతుంది కానీ సంగతి ఇదే. కుర్రాడు తగిలించగానే కీబోర్డు కుడి మూల చిన్న ఆకుపచ్చ దీపం వెలిగింది. ఆ దీపం వెలిగిందంటే కరెంటు అందిందన్నమాట. వెలగకపోతే ముందు ముక్కనో వైరునో అనుమానించాలి.

అక్షరాల పలక దానంతటదే కిందికి దిగిపోయింది. నెల రోజులకు పేజీ నిండుగా కనిపించింది. కొందరి ట్యాబ్లెట్లలో అలా దిగదు. సెట్టింగుల్లో ఫిజికల్ కీబోర్డు అన్నచోట, తెర మీది కీబోర్డును చూపించాలా అనే మీట ఒకటి ఉంటుంది. దాన్ని ఆపేస్తే చాలు.

ఇంతవరకూ పట్టింది రెండు నిమిషాలు. అసలు పని అప్పుడు మొదలైంది. మీట కొడితే ఇంగ్లీషు అక్షరం పడింది. ట్యాబ్లెట్‌లో తెలుగు పెట్టుకున్నాను కదా అనుకుంటాం. అది అద్దం మీది పలకకు. చేతికింది కీబోర్డుకు దాని భాష విడిగా చెప్పాలి. నా ట్యాబ్లెట్ జాబితాలో ఎన్నో దేశాల భాషలున్నాయి, తెలుగు కనబడలేదు. కుర్రాడు కాసేపు వెతికి ఒక ఆప్ దించాడు. 2012లో వచ్చిన ఆండ్రాయిడ్ 4.1 నుంచీ బయటి ఆప్‌లు కూడా మీటల అమరికను ఇచ్చే వీలుందట. జాబితాలో తెలుగు వచ్చింది, ఎంచుకున్నాం. కంట్రోల్, స్పేస్ కలిపి నొక్కితే ఇంగ్లీషు, మళ్లీ నొక్కితే తెలుగు.

“ఇది ఇన్‌స్క్రిప్ట్ అండి. ఎవరూ వాడరు మేడమ్. ఇంగ్లీషు అక్షరాలతో కొట్టీసుకోండి, సులువు” అన్నాడు. వాడు చెప్పింది అబద్ధం కాదు. మన ఊళ్లలో తెలుగు టైపు చేసే కుర్రకారులో ఎక్కువమంది అమ్మను ఏ, ఎమ్, ఎమ్, ఏ అనే కొడతారు. పెళ్లికార్డుల డీటీపీవాళ్లు అను ఫాంట్లతో కొడతారు. ఆ ఫైలు తెచ్చి ఆ ఫాంటు లేని ట్యాబ్లెట్‌లో తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా వస్తాయి. పాత ఫాంట్లు తెలుగు బొమ్మలను ఇంగ్లీషు అక్షరాల గదుల్లో కూర్చోబెట్టడం వల్ల వచ్చిన చిక్కది. 1991 నాటి యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగుకు సొంతంగా 128 గదులు కేటాయించారు. ఇన్‌స్క్రిప్ట్‌తో కొట్టినది నేరుగా ఆ గదుల్లోకే పోతుంది.

నాకు మరో ఇబ్బంది ఉంది. చిన్నప్పుడు ఈ ఊళ్లోనే టైపు ఇన్‌స్టిట్యూట్‌లో తెలుగు లోయర్ పాసయ్యాను. తెలుగు టైపుమిషనులో అక్షరాన్ని ముక్కలుగా అతికించాలి. ఒత్తు మీట కొడితే బండి కదలదు, అక్షరం కింద ముద్ర మాత్రం పడుతుంది. ఆ అలవాటు వేళ్లలో ఇంకా ఉంది. ఇన్‌స్క్రిప్ట్‌లో తలకట్టుకు మీటే లేదు. ‘క’ కొడితే తలకట్టుతోనే వస్తుంది. ఒత్తు కావాలంటే హల్లు, పొల్లు, మళ్లీ హల్లు. అమ్మకు అ, మ, పొల్లు, మ. కాగితం ముక్కల మీద అక్షరాలు రాసి, సెల్లోటేపుతో మీటల మీద అంటించి, ఆ రాత్రి ఒక్కో మీటా కొడుతూ కూర్చున్నాను.

అప్పుడు చూశాను. ఇంతకాలం నల్లబల్ల మీద పాఠం చెప్పిన మనిషిని, నా చేతికింద ఉన్నదేమిటో చూడగానే ఒళ్లు జలదరించింది.

కుడిచేతి వేళ్లు విశ్రాంతిగా ఆనే మధ్య వరసలో ప, క, త, చ, ట ఉన్నాయి. పరుషాలైదూ అక్కడే. వాటి పై వరసలో, ప మీద బ, క మీద గ, త మీద ద, చ మీద జ, ట మీద డ. సరళాలైదూ. షిఫ్ట్ పట్టుకుని అవే మీటలు కొడితే ఖ, ఘ, ఛ, ఝ, ఒత్తక్షరాలు. వర్గంలోని నాలుగు అక్షరాలు రెండు మీటల్లో, ఒకదాని మీద ఒకటి. చిన్నయసూరి బాలవ్యాకరణం సంధి పరిచ్ఛేదంలో సరళాదేశం చెప్పేటప్పుడు పిల్లలకు ఎన్నిసార్లు రాయించాను: పూచెను, కలువలు, పూచెనుగలువలు. క పోయి గ వస్తుంది అని. ఇక్కడ ఆ సూత్రం వేలి కదలిక. ద్రుతం వచ్చిందంటే వేలు ఒక మెట్టు పైకెక్కుతుంది, అంతే. క నుంచి గకు, త నుంచి దకు, ప నుంచి బకు. ఈ సంగతి తెలిసుంటే తరగతికి ఒక కీబోర్డు పట్టుకెళ్లేదాన్ని.

ఎడమచేతికి అచ్చులు, గుణింతాలు. గుడి మీద గుడిదీర్ఘం, కొమ్ము మీద కొమ్ముదీర్ఘం. చీకట్లో చెయ్యి ఆనుకోవడానికి దాదాపు ప్రతి కీబోర్డులోనూ రెండు మీటల మీద చిన్న గీత ఉబ్బి ఉంటుంది, తడిమి చూడండి. తెలుగులో అవి ఎడమన గుడి, కుడిన ర. ముందు కుడిది, తర్వాత ఎడమది నొక్కితే ‘రి’. కరెంటు పోయినా దొరికే మొదటి అక్షరం నాకు అది.

భారత ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ 1986లో ఈ అమరికకు రూపం ఇచ్చింది. 1991లో భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 13194 ప్రమాణంలో స్థిరపరిచింది. హిందీలో క ఉన్న మీటలోనే తెలుగు క, కన్నడం క, మలయాళం క ఉంటాయి. కాబట్టి ఒక లిపిలో వేళ్లు తిరిగితే మరో లిపిలో కొత్తగా నేర్చుకునేది కొద్దే. మన వర్ణమాలను ఉచ్చారణ స్థానాల ప్రకారం పేర్చినవాళ్ల ఆలోచన ఇక్కడి మీటల్లో ఇంకా పనిచేస్తోంది. ఇంగ్లీషు వరస 1870ల నాటి టైపుమిషనుతో వచ్చింది, దాని పక్క అక్షరాల మధ్య ఇలాంటి చుట్టరికం వెతికినా దొరకదు.

మా ఊరి పేరు కొట్టి చూశాను. న, ర, పొల్లు, స, గుడిదీర్ఘం, ప, ట, పొల్లు, న, సున్న. పది మీటలు, షిఫ్ట్ ఒక్కసారి కూడా లేదు. ఇంగ్లీషు అక్షరాలతో లేఖిని పద్ధతిలో కొడితే పదకొండు మీటలు, మూడుసార్లు షిఫ్ట్. సులువు ఏదో ఆ కుర్రాడికి లెక్కపెట్టి చూపించాను. వారం తర్వాత వాడే తన దుకాణం రసీదులు తెలుగులో కొడుతూ కనిపించాడు.

మావాడు సంక్రాంతికి వస్తూ బ్లూటూత్ కీబోర్డు తెచ్చాడు. వైరు లేదు, పలచగా, చీర మడతలో పట్టేంత. ట్యాబ్లెట్‌లో బ్లూటూత్ తెరిచి దాని పేరు నొక్కితే తెర మీద ఆరంకెలు వచ్చాయి. ఆ అంకెలు కీబోర్డు మీదే కొట్టి ఎంటర్ కూడా నొక్కాలి. చాలామంది ఎంటర్ దగ్గర ఆగిపోయి, కలవట్లేదని తిరిగి ఇచ్చేస్తారట. ఇంకో చిన్న గుణం దానికి ఉంది. కాసేపు ఊరుకుంటే నిద్రపోతుంది. లేపడానికి కొట్టిన మొదటి అక్షరాన్ని మింగేస్తుంది. అమ్మ అని కొడితే ‘మ్మ’ పడుతుంది. ముందు షిఫ్ట్ ఒకసారి ఊరికే నొక్కి, ఆగి, మొదలుపెడితే ఆ బాధ లేదు.

అన్నీ కుదిరాయనుకుని నా మాటల పుస్తకం తెరిచి ‘ఒగ్గేయడం’ కొట్టబోయాను. ఒ లేదు.

హిందీలో హ్రస్వమైన ఎ, ఒ లేవు. అన్ని లిపులకూ ఒకే అమరిక చేసినప్పుడు మన ద్రావిడ భాషలవాళ్ల ఈ రెండు అక్షరాలకూ అంచుల్లో చోటు దొరికింది. ఎ కింది వరసలో ఎడమ చివర. ఒ అయితే పై వరసలో, 1 అంకెకు ఎడమ పక్కనున్న మీటలో, షిఫ్ట్‌తో. ట్యాబ్లెట్ల కోసం చేసిన చిన్న కీబోర్డుల్లో కొన్నింటికి ఆ మీటే ఉండదు. చోటు చాలక దాన్ని తీసేసి ఎస్కేప్ పెడతారు. ఇంగ్లీషువాడికి ఆ మీటతో పెద్ద పని లేదు, పోయినా తెలియదు. మనకు ఒకటి పోతుంది, ఒడి పోతుంది, ఒత్తు పోతుంది. కొడుకు, పొలం, మొక్క కూడా పోతాయి, ఎందుకంటే ఆ గుణింతం ఉండేదీ ఆ మీటలోనే. తెలుగు రాద్దామని కీబోర్డు కొనేవాళ్లెవరైనా రంగు, బరువు, ధర తర్వాత చూడండి. ముందు 1కి ఎడమ పక్కన ఒక మీట ఉందో లేదో, దాని మీద తెలుగులో ఒ పడుతుందో లేదో దుకాణంలోనే కొట్టి చూడండి. మావాడు దాన్ని మార్చి ఆ మీట ఉన్నది పంపించాడు. అది వచ్చేదాకా అటక మీది పాత కీబోర్డుతోనే రాశాను.

2023 డిసెంబరు 21న చింతపల్లిలో జరిగిన సభతో ప్రభుత్వ బడుల ఎనిమిదో తరగతి పిల్లలకు రెండో విడత ట్యాబ్‌ల పంపిణీ మొదలైంది. మా వీధిలో ఒక అమ్మాయి సాయంత్రాలు తన ట్యాబ్ పట్టుకుని వచ్చేది. అద్దం మీద బొటనవేళ్లతో కొట్టడం తప్ప దానికి వేరే రాత తెలియదు. నా కీబోర్డు ముందు కూర్చోబెట్టి క కొట్టించి, ఒక మెట్టు పైకెక్కమన్నాను. గ పడింది. త కొట్టించాను. అది అడక్కుండానే పైకెక్కి ద కొట్టి నా మొహంలోకి చూసింది.

ఎదురింటి అప్ప వయసు ఎనభై దాటింది. చాలా ఏళ్లు చింతపల్లి సంత నుంచి కొండచీపుర్లు మోసుకొచ్చి ఇక్కడ అమ్మింది. మధ్యాహ్నాలు మా అరుగు మీద కూర్చుని చెబుతుంది, నేను కొడతాను. మీటల చప్పుడు ఆగితే “ఏటి టీచరమ్మా, ఆగిపోనావు?” అంటుంది. మొన్న ఘాటీలో బస్సు చెడిపోయిన రోజు సంగతి చెప్పింది. చీపుర్ల మోపు మొయ్యలేక రోడ్డు వార వదిలేసి నడిచొచ్చిన రోజు.

“నేనన్నట్టే రాసినావా, నీ బడి మాటలు ఎట్టీసినావా?”

ట్యాబ్లెట్ ఆమె వైపు తిప్పి అక్షరాలు పెద్దవి చేశాను. ఆమెకు చదువు రాదు. అందుకని వేలు పెట్టి చూపిస్తూ చదివాను: ‘మోపు ఆడే ఒగ్గీసినాను.’

“అదీ” అంది. “ఒగ్గీసినాను. మరాతల తెల్లారి ఎల్లి సూస్తే, ఎక్కడెట్టింది అక్కడే ఉంది. రాయి.”