రెడ్డిగూడెపు తలపాగాలు

వైశాఖమాసమున ఒకనాటి ఉదయము, మైనము పూసిన రాగిరేకు నొకదానిని గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకొని, నూజివీడు మామిడిసీమలోని రెడ్డిగూడెమున కోత సాగుచున్న యొక తోటకు వెళ్ళితిని. నేను చూడగోరినది బంగినపల్లి కాపును కాదు, ఆ కాయలు కోయించు వృద్ధుల శిరస్సులను.

1635లో హాలెండు చిత్రకారుడు రెంబ్రాంట్, తన మిత్రుడగు యాన్ లీవెన్స్ చెక్కిన ప్రాచ్యవేషధారుల తలలను చూచి తానును రాగిరేకులపై చెక్కెను. పేరులేని ముసలి ముఖములు, నెరసిన గడ్డములు, వానిపై బరువైన పాగాలు! ఇట్టివానిని డచ్చివారు ‘ట్రోనీ’ లనిరి. ముఖమని ఆ మాటకు అర్థము. అప్పటికే ఆ దేశపు వర్తకులు మన బందరులో కోఠీ పెట్టి అద్దకపు బట్టలను ఓడల కెక్కించుచుండిరి. వారికి వింతయైన తలపాగా మనకు నిత్యము కంటబడునదే.

కాయల రాశి చెంత గోనెపై కూర్చున్న యొక పెద్దాయన తల నన్ను నిలిపివేసినది. తుండుగుడ్డపై సొన పడిన చోటెల్ల నల్లని మచ్చలు. నేను కోరగా దానిని విప్పి మరల చుట్టి చూపెను: మడతను నుదుటిపై అదిమి, రెండు చుట్లు త్రిప్పి, ఒక కొసను ఎండ తగులకుండ మెడపైకి జారవిడిచి, రెండవదానిని చెవి మీద దోపెను. గంప నెత్తుకొనునపుడు ఆ గుడ్డయే చుట్టకుదురగునట.

“నా మొగంలో ఏముంది బాబుగారూ, కాయ చూడండి, కాయ!” అనెను.

ఆ ముఖమున ఉన్నదంతయు పాగా అంచు క్రింది నీడలోనే కలదు. సూదితో మైనమును గీచిన చోట రాగి బయటపడును. ఆ రేకును ఆమ్లములో ముంచినచో గీతలు లోతుపడి సిరాను పట్టును. ఎక్కువసేపు మునిగిన గీత నల్లగను, తక్కువసేపు మునిగినది లేతగను అచ్చగును. కనురెప్పల ముడుతలకు ఒక్క మునుక చాలును. ఆ నీడకు మాత్రము రెండవ మునుక తప్పదు.

1940లో మెదకుసీమ నిజాంపూరున జన్మించిన లక్ష్మాగౌడ్ గారు బరోడాలో ఈ విద్య నభ్యసించి మన పల్లెజనులను లోహఫలకముల కెక్కించిరి. ఆ మార్గమున నడువవలసినవారు ఇంకను పెక్కురు కావలెను.

నేను చూచిన తోటలో పడుచువాండ్రందరును టోపీలే ధరించియుండిరి. చిత్రకళావిద్యార్థులారా, జ్యేష్ఠము దాటినచో కోతలు ముగియును. ఈలోపుననే రాగిరేకులతో రండు.